కోసిన మామిడిలో పురుగు: పొగమందా, వేడినీళ్లా?

ప్రశ్న: నూజివీడు దగ్గర మాకు బంగినపల్లి తోట ఉంది. కోసినప్పుడు కాయ శుభ్రంగా కనిపిస్తుంది, మగ్గాక లోపల పురుగులు. గదిలో పొగమందు పెట్టవచ్చా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: వద్దండి. ధాన్యం గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల వాయువు మనిషి ప్రాణం తీస్తుంది. పైన చల్లే మందేమో పురుగును చేరదు, తినేవాడిని చేరుతుంది. మీ వర్ణనను బట్టి అది పండు ఈగ పనే. తొక్క మీద సూది గుచ్చినంత చుక్క, దాని దగ్గర సొన చెమరింపు ఉంటే ఈగ అక్కడ గుడ్లు పెట్టిందని అనుమానించాలి. గుజ్జు దాకా చొచ్చుకుపోయేది వేడి. పండు ఈగల కారణంగా 2014 మేలో ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపేసి, 2015లో మళ్లీ అనుమతించింది. ఎగుమతి కాయను 48 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంచే పద్ధతి ఉన్నది ఇందుకే.

కాయ ఉడికిపోదా అంటారు. బాగా ముదిరింది తట్టుకుంటుంది. లేతది సరిగా మగ్గక గుజ్జులో గట్టి చోట్లు మిగులుతాయి. కాబట్టి ఒకే సైజు కాయలు ఏరండి, నీరు కదులుతూ ఉండాలి, థర్మామీటర్ తప్పనిసరి. వేడి తగ్గితే పురుగు బతుకుతుంది, మించితే తొక్క కమిలిపోతుంది. (చేయి పెట్టి చూసి చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు.) తీశాక చల్లార్చి, తడి ఆరనివ్వండి. టెంక పురుగుకు మాత్రం ఈ వేడిని నమ్ముకోలేం. 2007 నుంచి అమెరికాకు వెళ్లే మన మామిడికి వికిరణం తప్పనిసరి చేసింది ముఖ్యంగా దానివల్లే.

ఖర్చు మాటకొస్తే, ఊరి మార్కెట్‌కు అమ్మే కాయకు ఇంత హంగు గిట్టదు. అలాంటి తోటలో మిథైల్ యూజినాల్ ఎరలు కట్టి, రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పూడ్చండి.