తెలిసినవారికి కూర, తెలియనివారికి కలుపు

మాది జహీరాబాద్ వైపు మెట్ట పల్లె. కాలువ నీళ్లు ఎరగని నేల. వాన పడితేనే పంట. అక్కడే పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వెళ్లి, పొయ్యికీ పొలానికీ మధ్య బతుకంతా గడిపినదాన్ని. మా పిల్లలు, వాళ్ల పిల్లలు పట్నాల్లో స్థిరపడ్డారు. వచ్చినప్పుడల్లా ఏది తినాలి, ఏది మంచిది అని నన్ను అడుగుతారు. వాళ్లకు చెప్పే జవాబులన్నిటి వెనకా ఉన్నది ఒకటే మాట. నేల మొక్కను ఇస్తుంది. దాన్ని ఆహారం చేసేది మనిషి ఎరుక. ఆ ఎరుక ఒక్క తరం ఆగిపోతే మొక్క చేలోనే ఉంటుంది, కూర మాత్రం కంచంలోకి రాదు. నాకు తెలిసినంతలో ఆ మాటను పాఠాలుగా విడదీసి రాస్తున్నాను.

1. కలుపు అనే ముందు కూర అవునో కాదో చూడండి

వానాకాలం చేలో మనం విత్తేది ఒకటైతే మొలిచేవి బోలెడు. గంగవాయిలి, చెంచలి, దొగ్గలి, గునుగు, తుమ్మి, గలిజేరు, తడి ఉన్న గట్ల పక్కన పొన్నగంటి. వీటికి ఎవరూ విత్తనం వేయరు, ఎరువు చల్లరు. మా అత్తమ్మ కలుపుకు వంగేటప్పుడు కొంగును ఒడిలా కట్టుకునేది. పీకిన ప్రతి మొక్కనూ ఒక్క క్షణం చూసేది. కొన్ని గట్టు మీదికి పోయేవి, కొన్ని ఒడిలోకి వచ్చేవి. కొసను బొటనవేలి గోటితో గిల్లి, పుటుక్కున తెగితేనే కోసేది. పీచు సాగితే ముదిరిందని అర్థం. దాన్ని విత్తనానికి వదిలేసేది. సాయంత్రానికి ఆ ఒడిలో నాలుగైదు రకాల ఆకు ఉండేది. అన్నీ కలిపి పెసరపప్పులో వేస్తే ఆ పూటకు అదే కూర.

ఆకు కోసుకోవడానికి ఎవరి చేలోకి ఎవరు వెళ్లినా మా ఊళ్లో అడ్డు చెప్పేవారు కాదు. గుంట భూమి లేని ఇంట్లో కూడా వానాకాలమంతా కూరకు కొదవ ఉండేది కాదు. వినాయక చవితి నాడు తుమ్మికూర వండుకుంటాం. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా పూత పట్టక ముందు మా కంచంలోకి వచ్చినదే. పండుగలు ఈ మొక్కలను మరిచిపోకుండా కాపాడాయి.

ఇప్పుడు పత్తికీ మక్కకూ గడ్డిమందు కొడుతున్నారు. కలుపు కూలి మిగిలిందని రైతు లెక్క వేసుకుంటాడు, అతని కష్టం అతనిది. అయితే పోయిన కూర ఆ లెక్కలోకి రాదు. దాన్ని ఎవరూ అమ్మలేదు, కొనలేదు కనుక అది నష్టంగా ఎవరికీ కనబడదు. మీరు ఆకు కోసేటప్పుడు మాత్రం ఆ చేలో మందు పడిందో లేదో రైతును అడిగి తెలుసుకోండి.

2. ఏ భాగం, ఏ కాలం, ఏ పద్ధతి అన్నది తెలిస్తేనే తిండి

చామగడ్డను పచ్చిగా కొరికితే నాలుకా గొంతూ దురద పెడతాయి. ఉడికించి, చింతపండు పులుసు పోస్తే పిల్లలు అడిగి మరీ వడ్డించుకుంటారు. అడవిలో దొరికే చేదు దుంపలను ఆదివాసీలు పలుచని ముక్కలుగా తరిగి, పారే నీటిలో రాత్రంతా ఉంచి, చేదు పోయాకే వండుకుంటారు. దుంప తవ్వినప్పుడు తీగ మొదలును మట్టిలోనే వదిలేస్తారు, వచ్చే ఏడు మళ్లీ ఊరడానికి. దుంప ఎంత పాతదో ఈ చదువూ అంత పాతది.

ఈ పద్ధతికి భంగం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో మామిడి టెంకలోని జీడితో కాచిన జావ తాగి ఆదివాసీలు చనిపోయారు. జీడిని నానబెట్టి, వగరు పోయేలా కడిగి, బాగా ఎండబెట్టి దాచుకుంటే ఆ కొండల్లో అది తరతరాల తిండి. వానలకు తడిసి బూజు పట్టిందంటే విషం. ఇంట్లో గింజ లేని రోజుల్లో ఆకలి ఎవరినీ ఆగనివ్వదు. అందుకే ఈ ఎరుకను గౌరవించడంతో పాటు, మంచి తిండి ప్రతి ఇంటికీ చేరేలా చూడటం కూడా మన బాధ్యతే అంటాను.

3. ఏ గింజా ఒంటరిగా చాలదు

ఈ మధ్య అందరూ చిరుధాన్యాలను మెచ్చుకుంటున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నాకు సంతోషమే. జొన్నరొట్టె తిని పెరిగినదాన్ని. అయినా జొన్న ఒక్కటి తింటే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోను. జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు లేస్తుంది, నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే హైదరాబాద్ సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దీన్ని పరిశోధించి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అంశానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ప్రతిపాదించారు.

పప్పూ ఆకూ పాలూ దొరకక, జొన్న ఒక్కటే కంచంలో మిగిలినప్పుడు వచ్చిన కష్టం అది. మా పెద్దలు చేను వేసే తీరులోనే దీనికి విరుగుడు ఉంది. పచ్చజొన్న సాళ్ల మధ్య కంది, పెసర, మినుము, నువ్వు, అంచున పుంటికూర వేసేవారు. చేలో పక్కపక్కన పెరిగినవే కంచంలో పక్కపక్కన కూర్చునేవి. ఒక పంట పోయినా ఇంకొకటి చేతికి వచ్చేది. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. ఒక గింజ ఇవ్వనిది ఇంకో గింజ ఇస్తుంది. అన్నిటినీ ఇంట్లోకి రానివ్వండి.

4. పంచే గింజే పెరిగే గింజ అవుతుంది

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి ఎలా ఉంటుందో తెలిసినదాన్ని కనుక ఆ పథకాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. ఎన్నో పొయ్యిల మీద అన్నం ఉడికింది. అదే సమయంలో మెట్ట ఊళ్లలో జొన్న చేలు మెల్లగా బీడు పడ్డాయి. చవకగా బియ్యం దొరుకుతుంటే, కష్టపడి జొన్న పండించి, దంచి, విసిరి, రొట్టె తట్టేదెవరు? ఒకప్పుడు పండగకే అన్నం తిన్న ఇళ్లు రోజూ అన్నానికి అలవాటు పడి, రొట్టెను వెనకబాటుగా చూడటం మొదలుపెట్టాయి.

మా పక్కనే పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల్లో దీనికి జవాబు వెతికాయి. బీడు భూముల సాగుకు పేద రైతులకు అప్పు ఇచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నాయి. ఊరి నిల్వగా దాచిన ఆ జొన్నను పనులు దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరు ఎంత పేదవారో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. పండించిన చోటే నిల్వ చేసి, నిల్వ చేసిన చోటే పంచిన పద్ధతి అది. 2019లో ఈ సంఘాలకు ఈక్వేటర్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక రూపాయి అని రాశారు. అంటే జొన్నకూ రాగికీ చట్టంలో చోటు ఉంది. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ మీద సన్నబియ్యం మొదలైంది. ఆ సన్నబియ్యం పక్కన జొన్నలు కూడా కావాలని గ్రామసభలో అడగాల్సింది మనమే.

5. మనది అనుకునేది కూడా ఎక్కడి నుంచో వచ్చినదే

మిరపకాయ, టమాట, వేరుశనగ, జామ, సీతాఫలం అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. మిరప పోర్చుగీసు ఓడల్లో రాక ముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. నేను ఇంతగా చెప్పుకుంటున్న జొన్న, రాగి వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చాయి. ఉలవ, పెసర మాత్రం ఈ దక్షిణాది నేలవే. కర్నూలు, బళ్లారి ప్రాంతాల కొత్త రాతియుగపు ఊళ్ల తవ్వకాల్లో వాటి మాడిన గింజలు దొరికాయి. బాపట్లలో 1986లో విడుదలైన సాంబా మసూరిలో తైవాన్ వంగడం, మలేసియా నుంచి వచ్చిన మసూరి రెండూ కలిసి ఉన్నాయి. పుట్టిల్లు ఎక్కడని ఎవరూ కోడలిని బయట నిలబెట్టరు, తిండీ అంతే. మన నేలకు, మన ఒంటికి సరిపడిందా, సాగుచేసేవాడికి గిట్టుబాటు అవుతోందా అన్నవే అడగవలసినవి.

6. పేదల కూడు అని చిన్నచూపు చూడకండి

ఆకుకూర విలువ తెలియాలంటే ఒక పాత సంగతి వినాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, అక్కడి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతకు కారణం తిండిలోని లోటేనని తేల్చారు. ఈస్ట్ సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. ఆ మేలు చేసిన పదార్థాన్ని పదేళ్ల తర్వాత పాలకూర నుంచి వేరు చేశారు. అదే ఫోలిక్ ఆమ్లం. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు గర్భిణులకు ఆస్పత్రిలో ఇచ్చే మాత్రల్లో ఇనుముతో పాటు అది ఉంటుంది. ఆ మాత్ర తప్పక వేసుకోవాలి. దాంతోపాటు ఆకుకూర కూడా తినాలి.

అయినా ఆకు అంటే మనకు చులకన. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు. ఏమీ లేనివాడి తిండి అని ఆ ఆకును తక్కువ చేశాం. తొలి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లను వేయించుకుని తినేవారిని చూసి ముఖం చిట్లించాం. పిల్లవాడు బడికి జొన్నరొట్టె తెచ్చుకుంటే మిగతా పిల్లలు నవ్విన రోజులు ఉన్నాయి. సిగ్గుపడి మానేసిన తిండిని రెండో తరం వండటం మరిచిపోతుంది, మూడో తరం పేరే మరిచిపోతుంది.

7. విత్తనం ఇంట్లో ఉండాలి

మా ఇళ్లలో విత్తనం దాచే పని ఆడవాళ్లదే. నిండుగా ఉన్న కంకులను చేలోనే ఎంచి, విడిగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, బుట్టకు పేడ అలికి మూత వేసేవాళ్లం. ఇంట్లో ఎంత కరువున్నా దాని మీద చెయ్యి వేయకూడదు. మా వైపు సంక్రాంతి రోజుల్లో జరిగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద బుట్టల్లో పేర్చిన విత్తనాలను చూసినప్పుడు, ఈ రకం ఇంకా ఉందా అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఎవరో ఒక ఆమె ఏటా విత్తింది కాబట్టే అది ఉంది.

8. చేతికి నేర్పండి

జొన్నరొట్టె చేయడం పుస్తకం చదివితే రాదు. జొన్నపిండిలో గోధుమకు ఉండే సాగుడు లేదు. పిండి పాతదైతే రొట్టె అంచులు పగులుతాయి. అందుకే పిండి కొద్దికొద్దిగా పట్టించుకోవాలి, మరిగిన నీళ్లతో కలపాలి, అరచేత్తో బాగా మర్దించాలి. మా మనవరాలు మొదట్లో, "నాయనమ్మా, నాకు రాదు" అనేది. పక్కన కూర్చోబెట్టుకుని రోజూ ఒక రొట్టె తట్టించాను. ఇప్పుడు వాళ్ల ఇంట్లో ఆ పని ఆమెదే.

ఆకూ అంతే. వచ్చే వానాకాలం పిల్లలను ఊరికి తీసుకెళ్లండి. తెలిసిన పెద్దమ్మనో, కలుపు తీసే అక్కనో వెంట పెట్టుకుని చేలోకి దింపండి. ఆకు కోయించండి, వాసన చూపించండి, ఏది తినకూడదో కూడా ఆమెతోనే చెప్పించండి, ఆ సాయంత్రమే వండి పెట్టండి. పొలం పంచితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. ఈ ఎరుకను ఎంతమందికి పంచినా ప్రతి ఒక్కరికీ పూర్తిగా దక్కుతుంది.