దేమా వెళ్లిపోయాడు, లూకా ఉన్నాడు

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:14లో రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి: వైద్యుడైన లూకా, దేమా. ఇద్దరూ పౌలుతో కలిసి సేవ చేసినవారే. తరువాత 2 తిమోతి 4వ అధ్యాయం చదవండి. పౌలు సంకెళ్లలో మరణానికి సిద్ధంగా ఉన్నాడు. దేమా లోకాన్ని ప్రేమించి థెస్సలొనీకకు వెళ్లిపోయాడు. లూకా ఒక్కడే దగ్గర ఉన్నాడు.

దేమా త్రాగుబోతయ్యాడనో దొంగతనం చేశాడనో అక్కడ వ్రాయబడలేదు. థెస్సలొనీక పెద్ద రేవు పట్టణం, వ్యాపార కేంద్రం. చెరసాల కంటే అది సుఖంగా కనిపించి ఉండవచ్చు. లోకాశ అంటే సారా, జూదమే అనుకోకండి. రోగి మంచం దగ్గర వారం రోజులు కూర్చున్నవారికి తెలుసు, మనసు మెల్లగా బయటికి లాగుతుంది. ఆ సంగతి దాచకుండా దేవునితో చెప్పండి. ఇంకొకరిని కూర్చోబెట్టి కాస్త నిద్రపోండి కూడా. అలసట వేరు, లోకాశ వేరు.

ఇంకొక మాట. అదే అధ్యాయంలో పౌలు, త్రోయలో ఉంచి వచ్చిన తన అంగీ తెమ్మని, చలికాలం రాకముందే రమ్మని తిమోతిని అడుగుతాడు. కాబట్టి మీ రోగి దుప్పటి అడిగినా, వేడినీళ్లు అడిగినా, నొప్పికి మాత్ర అడిగినా "విశ్వాసం లేదా?" అని గద్దించకండి. నర్సును పిలవండి.