యూరియా బస్తా విప్పే ముందు

చిరంజీవి అబ్బాయికి,


పెద్దాపురం మెట్టలో మన రెండెకరాలూ ఈ ఏడు నువ్వే చేస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. పెంట ఒక్కటే వెయ్యాలా, బస్తాలతో కానిచ్చెయ్యాలా అని అడిగావట. కర్రపెండలానికి రెండూ కావాలిరా.

నీ వయసులో నేను పెంట తోలే ఓపిక లేక ఎకరానికి నాలుగు బస్తాల యూరియా చల్లాను. తోట మనిషెత్తు దాటి లేచింది. దారినపోయే వాళ్లంతా ఆగి మెచ్చుకున్నారు. పీకి చూస్తే వేలంత లావున వేర్లు! ఆకులో తయారైన చక్కెర దుంపలోకి దిగి పిండిగా మారాలంటే పొటాష్ ఉండాలి. ఆ ఏడు గుప్పెడు కూడా వెయ్యలేదు.

మనది తేలిక ఎర్రనేల. గట్టి వాన పడితే నత్రజనీ పొటాషూ కిందికి జారిపోతాయి. వాటిని పట్టి ఉంచేది పెంటే. నేలని గుల్లచేసి దుంప ఊరడానికి చోటిచ్చేదీ అదే. కానీ టన్ను పెంటలో నత్రజని ఐదు కిలోలకి అటూ ఇటూ. అదీ మొదటి ఏడే మొత్తం అందదు. అందుకే బస్తా.

తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ హెక్టారుకి 12.5 టన్నుల పశువుల ఎరువు, 100 కిలోల నత్రజని, 50 భాస్వరం, 100 పొటాష్ చెబుతుంది. మన లెక్కలో ఎకరానికి 5 టన్నుల పెంట, డీఏపీ బస్తాకి కాస్త తక్కువ, యూరియా బస్తాన్నర, ఎర్ర పొటాష్ బస్తా మీద 17 కిలోలు. డీఏపీ అంతా, మిగతావి సగం సగం నాటేటప్పుడు వెయ్యి. మిగిలిన సగాలు రెండు నెలల్లోపు, కలుపు తీసి మట్టి ఎగదోసేటప్పుడు. నేలలో తడి లేకపోతే ఆగు.

పెంట పచ్చిది తోలకు. గుప్పెట్లోకి తీసుకుని చూడు. గడ్డిపోచలు కనబడినా, పేడ కంపు కొట్టినా, పోగులో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా ఇంకా మాగలేదన్నమాట. నల్లగా పొడిపొడిగా ఉండి, తొలకరి మట్టి వాసన రావాలి. పచ్చి పెంటకి చెదలొచ్చి నాటిన ముచ్చెల్ని తినేస్తాయి. ఇంకోటి, మనూళ్లో పొలంలో కుప్పలు పోసి వారాల తరబడి ఎండకి వదిలేస్తారు. సారమంతా గాలికి పోయాక దున్నుతారు! తోలిన రోజే చల్లి కలియదున్నెయ్. పెంట చాలకపోతే ఓ చెక్కలో జనుము చల్లి, పూతకొచ్చాక దున్నేసి అప్పుడు నాటు. నాటడం వెనకపడుతుంది, పడనీ.

మట్టి నమూనా మాత్రం ఈ వారమే తియ్యి, ఎరువు పడకముందే. ఎకరంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున తీసి, కలిపి, అరకిలో భూసార పరీక్షకి పంపు. గట్టు పక్కనా, పాత పెంటపోగు ఉన్న చోటా తియ్యకు. వచ్చిన కాయితాన్ని బట్టి పైన చెప్పిన బస్తాలు మారొచ్చు. అది రాగానే ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, అంతవరకూ యూరియా కొనకు.

మీ పెదనాన్న