గని గంటయు, కంప్యూటరు తెరయు
(ప్రమేయములతో ప్రోగ్రాము రచన: ఒక పాఠము)

మన తమకకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున కోలారు బంగారు గనుల పట్టణమున్నది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు అచట పని ప్రారంభించిరి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గనులు మూతపడినవి. మన ప్రాంతమున పలు కుటుంబముల పెద్దలు ఆ గనులలో దిగి పనిచేసినవారే.

గనిలోనికి మనుష్యులను దింపునది కేజి. దానిని ఉక్కు త్రాటితో దింపు వైండింగ్ ఇంజను నేలపైన నుండును. ఇంజను నడుపువానికి లోతున నున్న కేజి కనబడదు. అతనికి ఆధారములు రెండే. ఒకటి లోపలినుండి మ్రోగు గంట. రెండవది ఎదుటనున్న లోతు సూచిక. ఆ సూచికలోని ముల్లు త్రాడు చుట్టుకొను డ్రమ్ముతో పళ్ళచక్రములచే కలుపబడి యుండును. డ్రమ్ము తిరిగినచో ముల్లును తిరుగును. ఎవ్వరును పోయి ముల్లును చేతితో జరుపరు. ఈ యొక్క విషయమును చదువరులు గుర్తుంచుకొందురు గాక. నేటి పాఠమంతయు దానిమీదనే ఆధారపడి యున్నది.

ప్రమేయమనగా నేమి?

గణితమున మీరు ప్రమేయములను చదివియున్నారు. ఒక విలువ నిచ్చిన ఒకే యొక ఫలితము నిచ్చునది ప్రమేయము. నేడు 5 నిచ్చిన 25 వచ్చినచో, రేపును 5 నిచ్చిన 25 ఏ రావలెను. అది మరి దేనిని మార్చదు, దేనిని మరువదు. ఇట్టి ప్రమేయములనే ఇటుకలుగా పేర్చి ప్రోగ్రాము కట్టు భాషలను ప్రమేయ భాషలందుము. లిస్ప్, స్కీమ్, హాస్కెల్, రాకెట్ మున్నగునవి ఈ కోవలోనివి. వీనిలో కొన్ని విలువలను మార్చుటకును అవకాశమిచ్చును. మనము మాత్రము వీలైనంతవరకు ప్రమేయములనే వాడుదుము.

కంప్యూటరు తెరపై బటన్లు, అంకెలు, బొమ్మలు గల విండోను ఈ విధమున నిర్మించుట యెట్లు? గని కేజినే ఉదాహరణముగా గైకొందము. ఇది పాఠమునకై చేయు బొమ్మ యంత్రమేగాని నిజమైన గని పరికరము కాదు. గంట సంకేతములను కూడ మనమే ఏర్పరచుకొందము: ఒక గంటకు నిలుపుట, రెండు గంటలకు దించుట, మూడు గంటలకు ఎక్కించుట. నేలను 0 అనియు, అట్టడుగు అంతస్తును 10 అనియు అనుకొందము.

సాధారణ పద్ధతియందలి చిక్కు

మన తెరపై మూడు వస్తువులుండును: లోతు ముల్లు, అంతస్తు అంకె, కేజి గతిని దెలుపు మాట. తెరను మార్చు సందేశములు నాలుగు: మూడు విధములైన గంటలు, సెకను కొక్కటిగా వచ్చు గడియారపు టిక్కు. సాధారణ పద్ధతిలో ప్రతి సందేశము వచ్చినపుడును తెరపై నున్న ప్రతి వస్తువును మార్చవలెనా వద్దా యని రచయితయే చూచుకొనవలెను. అనగా 4 × 3 = 12 చోట్ల శ్రద్ధ వహింపవలెను.

నేను మొదట వ్రాసిన ప్రోగ్రామున పదకొండు చోట్ల సరిగనే వ్రాసి, ఒకచోట మరచితిని. కేజి పదియవ అంతస్తు చేరి ఆగినది. ముల్లు 10 చూపుచున్నది. మాట మాత్రము “దిగు” అనియే యున్నది. ఆటబొమ్మ కనుక నవ్వుకొంటిని. నిజమైన గనిలో ఇంజనువాని యెదుట రెండు సూచికలు రెండు విధముల చెప్పినచో, అతడు దేనిని నమ్మవలెను? కేజిలోని వారి ప్రాణములు ఆ నమ్మకముపైననే కదా యుండును!

మూడు భాగములు

ప్రమేయ పద్ధతిలో ప్రోగ్రామును మూడు భాగములుగా విభజింతుము.

మొదటిది స్థితి. యంత్రమును గూర్చి తెలియవలసిన దంతయు ఒకే చోట నుండును. మన కేజికి రెండు విలువలు చాలును: (అంతస్తు, గతి). ఆరంభమున స్థితి (0, నిలుపు).

రెండవది మార్పు. ఇది ఒక ప్రమేయము. పాత స్థితిని, వచ్చిన సందేశమును దీని కిచ్చినచో కొత్త స్థితి నిచ్చును. దాని సూత్రములివి, అంతస్తును “అ” అందము.

1. ఒక గంట: (అ, ఏ గతియైనను) → (అ, నిలుపు)
2. రెండు గంటలు: (అ, నిలుపు) → (అ, దిగు)
3. మూడు గంటలు: (అ, నిలుపు) → (అ, ఎక్కు)
4. టిక్కు: (అ, దిగు) → (అ + 1, దిగు), కాని (10, దిగు) → (10, నిలుపు)
5. టిక్కు: (అ, ఎక్కు) → (అ − 1, ఎక్కు), కాని (0, ఎక్కు) → (0, నిలుపు)
6. తక్కిన సందర్భములలో స్థితి మారదు.

ఆరవ సూత్రమును గమనింపుడు. దిగుచున్న కేజికి మూడు గంటలు మ్రోగించినను అది వెంటనే పైకి తిరుగదు. ముందు ఒక గంటతో నిలుపవలెను. ఈ జాగ్రత్త యెచ్చటనో దాగియుండక సూత్రములలోనే కన్పట్టుచున్నది.

మూడవది దృశ్యము. ఇదియు ప్రమేయమే. స్థితి నిచ్చినచో తెరపై నుండవలసిన బొమ్మనంతటిని ఇచ్చును. ముల్లును “జరుపుము” అని గాని, మాటను “మార్చుము” అని గాని ఎచ్చటను వ్రాయము. “స్థితి (7, దిగు) అయినచో తెర ఇట్లుండును” అని మాత్రమే చెప్పుదుము. స్థితి మారినపుడెల్ల యంత్రము ఆ ప్రమేయమును మరల లెక్కించి తెరను గీయును. డ్రమ్ము తిరిగిన ముల్లు తానే తిరిగినట్లు, స్థితి మారిన తెర తానే మారును. ముల్లును, మాటయు ఒకే స్థితినుండి పుట్టుటచే వానిలో వైరుధ్యము రాదు. నాలుగు సందేశములకు నాలుగు, మూడు వస్తువులకు మూడు, మొత్తము 7 చోట్ల శ్రద్ధ వహించిన చాలును.

అయిన నొక హెచ్చరిక. స్థితియే తప్పుగా నమోదైనచో దృశ్యమును ఆ తప్పునే చూపును. మ్రోగని గంటను మ్రోగినదని నమోదు చేసిన దోషమును ప్రమేయము దిద్దజాలదు.

యంత్రముపై నడుపుట

రాకెట్ భాష ఉచితముగా లభించును. విండోస్, లినక్స్, మాక్ యంత్రములన్నిటను నడచును. దానిలో యూనివర్స్ అను గ్రంథాలయమున బిగ్-బ్యాంగ్ అను సాధనమున్నది. దాని రూపమిది:

(బిగ్-బ్యాంగ్ తొలిస్థితి
  (టు-డ్రా దృశ్యము)
  (ఆన్-టిక్ టిక్కు 1)
  (ఆన్-కీ గంట))

బిగ్-బ్యాంగ్, టు-డ్రా వంటి భాషాపదములను యంత్రమున రోమను లిపిలో టైపు చేయవలెను. దృశ్యము, టిక్కు, గంట అనునవి మనము వ్రాయు ప్రమేయములు. వానికి తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును. టిక్కు ప్రక్కనున్న 1 సెకను కొకసారి యని తెలుపును. కీబోర్డుపై 1, 2, 3 నొక్కిన గంటలు మ్రోగినట్లు ఏర్పాటు చేయవచ్చును.

పాఠశాలయందు కంప్యూటర్లు చాలకున్నను ఈ పద్ధతి ఆగదు. మార్పు ప్రమేయమును కాగితముపైననే పరీక్షింపవచ్చును. (0, నిలుపు) నుండి రెండు గంటలు, మూడు టిక్కులు, ఒక గంట: ఫలితము (3, నిలుపు). పలకమీద వచ్చిన జవాబే తెరమీదను రావలెను.

మన నాలుగు వీధుల భాషలు

మన జిల్లాలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ ప్రక్కప్రక్కన వినబడును. కావున తెరపై భాష మార్చు బటన్ నొకదానిని చేర్చుదము. స్థితి (అంతస్తు, గతి, భాష) అగును. దృశ్య ప్రమేయము భాషను బట్టి మాటను ఎన్నుకొనును: తెలుగున నిలుపు, దిగు, ఎక్కు; కన్నడమున నిల్లిసు, ఇళి, ఏరు; ఇట్లే తక్కిన భాషలును. పాత పద్ధతిలో 12 చోట్లు 15 అగును. కొత్త పద్ధతిలో 7 కేవలము 8 అగును. తెలుగు చదువరికి తెరపై సగము తెలుగు, సగము అన్యభాష కనబడు అవస్థ తప్పును.

ఈ భావముయొక్క చరిత్ర

1930 దశకమున అలాంజో చర్చ్ ప్రమేయములకు లాంబ్డా గణనము అను గణితమును కల్పించెను. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను రూపొందించెను. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హ్యూడక్ అనువారు కదలు బొమ్మను కాలముయొక్క ప్రమేయముగా వర్ణించిరి. 2012లో వెలువడిన ఎల్మ్ భాష స్థితి, మార్పు, దృశ్యము అను విభజనకు ప్రసిద్ధి తెచ్చెను.

ఆ మెకార్తీయే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మన పొరుగు జిల్లావానికి గురువయ్యెను. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డి 1966లో అచట డాక్టరేటు పొంది, 1994లో ట్యూరింగ్ బహుమానమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి గ్రహించెను.

అభ్యాసములు

1. (0, నిలుపు) నుండి రెండు గంటలు, నాలుగు టిక్కులు, ఒక గంట, మూడు గంటలు, ఒక టిక్కు: తుది స్థితి యేది? (జవాబు: (3, ఎక్కు))
2. కేజి తలుపు తెరచియుండగా కదలరాదు. స్థితిలో నేమి చేర్చవలెను? ఏ సూత్రములు మారవలెను?
3. మీ యింట గనిలో పనిచేసిన పెద్దలున్నచో వారి కాలపు గంట సంకేతములను అడిగి వ్రాసికొని, సూత్రములను తదనుగుణముగ మార్చుడు.

విద్యార్థులారా, మూడవ అభ్యాసమును వాయిదా వేయకుడు. గనులు మూతపడి యేండ్లు గడచినవి. ఆ గంటల లెక్క నోట చెప్పగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు.