క్రొత్త పలక: గుణదోషములు

అక్షరాభ్యాసమునాడు మన చేతికి వచ్చెడి రాతిపలకకు తమ్ముని వంటి వస్తువొకటి ఇప్పుడు బడిపిల్లల చేతులకు వచ్చుచున్నది. అదియే టాబ్లెట్ కంప్యూటరు. దీనిని కొనదలచిన తలిదండ్రులును, వాడదలచిన విద్యార్థులును ముందుగా దీని గుణదోషములను తూచుకొనవలెనని మా యభిప్రాయము.

ఇందుకు మన దేశమున జరిగిన యొక ప్రయత్నమే చక్కని పాఠము. 2011 అక్టోబరు 5వ తేదీన కేంద్రప్రభుత్వము విద్యార్థులకై ‘ఆకాశ్’ అను టాబ్లెట్టును వెలువరించెను. డేటావిండ్ సంస్థ దానిని హైదరాబాదులో కూర్పించెను. ఒక్కొక్కదానికి ప్రభుత్వమునకు పడిన వెల సుమారు 2,250 రూపాయలు. ఇంత చౌకగా కంప్యూటరు దొరకుట ఆనాడు లోకమునకు వింత.

అయినను వెలతోపాటు శక్తియు తక్కువయ్యెను. దాని తెర ఒత్తిడివలన పనిచేయునది. పై పొర క్రింది పొరను తాకునట్లు గట్టిగా నొక్కవలెను. బ్యాటరీ సుమారు 3 గంటలకే అడుగంటెడిది. వైఫై లేనిచో ఇంటర్నెట్టు అందెడిది కాదు. 2012 నవంబరు 11వ తేదీన వచ్చిన ‘ఆకాశ్ 2’లో వ్రేలి తాకిడికే పలుకు తెరను, వేగముగల ప్రాసెసరును చేర్చిరి. వెలను మాత్రమే చూచి వస్తువును ఎంచరాదని దీనివలన మనము గ్రహింపవలెను.

ఇక ప్రయోజనములు. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించెను. టీవీలో దాటిపోయిన మాటను మరల పిలువలేము. టాబ్లెట్టులో దాచుకొన్న పాఠమును బోధపడువఱకు ఎన్నిమారులైనను వినవచ్చును. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ గుర్తును చూపినచో దీక్షా యాప్‌లో ఆ పాఠమునకు సంబంధించిన విషయము తెరచుకొనును. చూపు మందగించినవారు అక్షరములను పెద్దవి చేసికొని చదువవచ్చును.

పరిమితులును గలవు. లెక్కను మెట్టుమెట్టుగా చేతితో వ్రాసినగాని పట్టువడదు. పాఠము ప్రక్కనే ఆటయు పిలుచుచుండును. ఖర్చు మఱియొకటి. బోధనులోని చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన పిదప, దానినే నమ్ముకొన్న కార్మికుల యిండ్లకును, చెఱకు రైతుల యిండ్లకును ప్రతి రూపాయియు లెక్కయే. అట్టి యింట టాబ్లెట్టు కొనుటయనగా వేఱొక యక్కఱను వాయిదా వేయుటయే. ముగ్గురు పిల్లలున్నచోట ఒక పలక వంతులకు చాలునా యనియు ఆలోచింపవలెను.

కావున కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. అందు తెలుగు ఒత్తులు, గుణింతములు చక్కగా కనబడునా? ఇంటర్నెట్టు లేనివేళ పాఠము తెరచుకొనునా? చెడినచో నిజామాబాదులోనో బోధనులోనో బాగుచేయువారు గలరా? ఈ మూటికిని ‘అవును’ అని జవాబు రానిచో ఆ సొమ్మును పుస్తకములకు వెచ్చించుట మేలు.

చెఱకు తీపియని వేళ్లతో నమలరాదు గదా! పాఠము ముగియగనే పలకను మూసి, నోటుపుస్తకము తెరచి, విన్నదానిని తన మాటలలో వ్రాసికొను విద్యార్థికే యీ క్రొత్త పలక అక్కఱకు వచ్చును.