పంచాయతీ ట్రాక్టరుకు తగిన ఇంజను ఆయిలు

తెలంగాణలో 2019 సెప్టెంబరులో ఆరంభమై, పల్లె ప్రగతి అను పేరున ప్రసిద్ధమైన కార్యక్రమములో గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొన్నవి. వీనిలో పెక్కు బ్యాంకు ఋణముతో కొన్నవే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు గ్రామములలో ఉదయమున వీధుల చెత్తను మోయునదియు, వేసవిలో బాట ప్రక్కల మొక్కలకు నీరు పోయునదియు ఈ ట్రాక్టరే. అది నిలిచిపోయిన దినమున వీధిలో చెత్త మిగులును, మొక్క వాడును. ఋణపు వాయిదా మాత్రము ఆగదు. కావున దాని ఇంజనును కాపాడు ఆయిలును గురించి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి.

ఆయిలు చేయు పనులు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతము అని మన పెద్దలు చెప్పిరి. ఇరుసునకు కందెన ఎట్టిదో, ఇంజనుకు ఆయిలు అట్టిది. అయితే ఇరుసు కందెన రాపిడిని మాత్రమే తగ్గించును. ఇంజను ఆయిలు ఇంకను నాలుగు పనులు చేయవలెను. లోపలి వేడిని కొంత మోసికొని పోవలెను. పిస్టను రింగులకును లైనరుకును నడుమ సందును మూయవలెను. తుప్పు పట్టకుండ చూడవలెను. డీజిలు మండగా పుట్టు మసిని అడుగున పేరనీయక తనలో కలుపుకొని యుంచవలెను. డీజిలు ఇంజనులో పోసిన ఆయిలు కొలది గంటలకే నల్లబడుటకు ఈ కడపటి పనియే కారణము. నలుపును చూచి ఆయిలు చెడినదని తలచుట తగదు; మార్చవలసిన కాలమును పని గంటలనుబట్టి నిర్ణయింపవలెను.

డబ్బాపై రెండు గుర్తులు

ఆయిలు డబ్బాపై కంపెనీ పేరుకంటె ముఖ్యమైన గుర్తులు రెండు కలవు. మొదటిది చిక్కదనమును తెలుపు ఎస్.ఎ.ఇ. అంకె. రెండవది నాణ్యతను తెలుపు ఎ.పి.ఐ. అక్షరములు.

15డబ్ల్యు-40 అను గుర్తును తీసికొందము. డబ్ల్యు అను అక్షరము శీతకాలమునకు చిహ్నము. దాని ముందున్న 15 చలిలో ఆయిలు ఎంత సులభముగా కదలునో తెలుపును. వెనుకనున్న 40 ఇంజను బాగుగా కాగినపుడు ఆయిలులో ఎంత చిక్కదనము మిగులునో తెలుపును. ఈ అంకెలు ఉష్ణోగ్రత డిగ్రీలు కావు. 40వ తరగతి ఆయిలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 12.5 నుండి 16.3 సెంటీస్టోకుల చిక్కదనము కలిగియుండును. 30వ తరగతి అంతకంటె పలుచన, 50వ తరగతి అంతకంటె చిక్కన.

15డబ్ల్యు తరగతి ఆయిలును సున్నకు 20 డిగ్రీలు దిగువ చలిలో పరీక్షింతురు. 20డబ్ల్యు తరగతిని సున్నకు 15 డిగ్రీలు దిగువ పరీక్షింతురు. సూర్యాపేటలో గాని, మిర్యాలగూడలో గాని అట్టి చలి ఎన్నడును రాదు. కావున మొదటి అంకె 15 అయినను 20 అయినను మన శీతకాలపు ఉదయములలో ఇబ్బంది కలుగదు. పగటి వేడి 45 డిగ్రీలను సమీపించు మన వేసవిలో ట్యాంకరును లాగు ఇంజనుకు రెండవ అంకెయే ప్రాణము. అనేక ట్రాక్టరు కంపెనీలు మన దేశములో 15డబ్ల్యు-40ను గాని 20డబ్ల్యు-40ను గాని సూచించుటకు కారణమిదియే.

ఆయిలు చిక్కనైనకొలది మేలను అభిప్రాయము గ్రామములలో కలదు. ఇది సరికాదు. మిక్కిలి చిక్కని ఆయిలు ఉదయమున ఇంజను పై భాగములకు ఆలస్యముగా చేరును. ఆ కొద్ది సేపటిలోనే బేరింగులు అరుగును. డీజిలు ఖర్చును పెరుగును. ఇక మిక్కిలి పలుచని ఆయిలు కాగినపుడు లోహముల నడుమ పొరగా నిలువజాలదు. పొగ తగ్గుటకై పాత ఇంజనులో చిక్కని ఆయిలు పోయుట రింగుల అరుగుదలను మరుగుపరచునే గాని బాగుచేయదు.

ఇక ఎ.పి.ఐ. అక్షరములు. సి అను అక్షరముతో ఆరంభమగునవి డీజిలు ఇంజనులకును, ఎస్ అను అక్షరముతో ఆరంభమగునవి పెట్రోలు ఇంజనులకును ఉద్దేశింపబడినవి. డీజిలు తరగతులలో సిఎఫ్-4 1990లోను, సిహెచ్-4 1998లోను, సిఐ-4 2002లోను, సికె-4 2016లోను వాడుకలోనికి వచ్చినవి. పుస్తకములో సిహెచ్-4 అని యున్నచో సిఐ-4ను వాడవచ్చును. సిఐ-4 అని యున్నచో సిఎఫ్-4ను పోయరాదు.

లారీ ఆయిలు వేరు, ట్రాక్టరు ఆయిలు వేరు

సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు - విజయవాడ 65వ జాతీయ రహదారిపై నున్నవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. ఈ మూడు చోట్లను లారీల రాకపోకలు అధికము. దుకాణములలో లారీ ఆయిళ్ళును అధికము. లారీకి మంచిదైనది ట్రాక్టరుకును మంచిదే యని దుకాణదారు చెప్పవచ్చును. ఇచ్చట జాగ్రత్త అవసరము.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణము ననుసరించిన డీజిలు లారీలలో పెక్కింటికి పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యుండును. వానికి తక్కువ బూడిదను మిగుల్చు ఆయిలు కావలెను. పాత తరగతి ఆయిలు పోసినచో ఆ జల్లెడ త్వరగా పూడును. ట్రాక్టర్లకు వేరు ప్రమాణములు కలవు. అయితే 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త ప్రమాణములు వచ్చినవి. కావున తరువాత కొన్న పెద్ద ట్రాక్టరు విషయములో పాత ట్రాక్టరు అలవాటును పాటింపరాదు. పంచాయతీకి చెత్త ఆటో కూడ యున్నచో, రెంటికి ఒకే డబ్బా వాడక, దేని పుస్తకమును దానికి చూడవలెను. గేరు పెట్టెలోను, హైడ్రాలిక్కులోను పోయునది మరియొక ఆయిలు. దానిని ఇంజనులో పోయరాదు.

గంటల లెక్క

వీధివీధికి ఆగుచు నడచు ట్రాక్టరు దూరము తక్కువగా పోవును గాని ఇంజను మాత్రము నడచుచునే యుండును. నిలిచి నడచు ఇంజనులో మసి అధికముగా పేరును. కావున కిలోమీటర్లనుగాక గంటల మీటరును చూడవలెను. ఆయిలు మార్పునకు 250 గంటలను గడువుగా చెప్పు పుస్తకములు పెక్కు కలవు. కొన్నింటిలో గడువు అంతకు మించి యుండును. కొత్త ట్రాక్టరుకు మొదటి మార్పు ఇంకను ముందుగా చేయవలెను.

ఒక పంచాయతీ ట్రాక్టరు దినమునకు 4 గంటల వంతున నెలకు 25 దినములు పనిచేసినదనుకొందము. నెలకు 100 గంటలగును. 250 గంటల గడువు రెండున్నర నెలలలో తీరును. ఏడాదికి 1,200 గంటలు, అనగా సుమారు 5 మార్పులు. మధ్యరకపు ట్రాక్టరుకు ఒక మార్పునకు 7 లీటర్లు పట్టునని తీసికొన్నచో ఏడాదికి 35 లీటర్లును, 5 ఫిల్టరులును కావలెను. ఈ ఖర్చును బడ్జెటులో ముందే చూపినచో, డబ్బు లేదని మార్పును వాయిదావేయు అవసరము కలుగదు. ఏడాదికి ఒకసారి చాలునని తలచు పంచాయతీ, 4 మార్పుల ఖర్చును తప్పించుకొనబోయి ఇంజను బోరు ఖర్చును తెచ్చుకొనును.

డ్రైవరు చేయవలసినవి

ప్రతి ఉదయము బండి చదునైన నేలపై నుండగా, ఇంజనును నడుపక ముందు ఆయిలు గేజిని తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువైనచో అదే తరగతి ఆయిలును కలుపవలెను. పోయకయే మట్టము పెరిగినచో డీజిలు దిగుచున్నదని అనుమానింపవలెను. పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గ్రహింపవలెను. ఈ రెంటిలో ఏది కనిపించినను బండిని నడుపక మెకానికును పిలువవలెను. ఆయిలు మార్చునపుడు ఇంజను గోరువెచ్చగా నున్నపుడు పాత ఆయిలును దింపి, ఫిల్టరును కూడ మార్చవలెను. ఆయిలు గిన్నె గల ఎయిర్ క్లీనరు ఉన్నచో దానిని శుభ్రపరచి, కొత్త ఆయిలు పోయవలెను. మన బాటల దుమ్ము ఇంజనులోనికి పోకుండ కాచునది అదియే.

పాత ఆయిలును కాలువలోనో, చెరువులోనో, చెత్త దిబ్బపైననో పోయరాదు, కాల్చరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన ఆయిలును చేర్చినారు. మూత గల డబ్బాలో నిలువచేసి, అనుమతి పొందిన సేకరణదారులకే ఇవ్వవలెను. ఊరి పారిశుధ్యమునకు బాధ్యులైన పంచాయతీయే నీటిని చెరుపుట తగదు.

పంచాయతీ చేయవలసినవి

రాబోవు సమావేశములో ట్రాక్టరు పుస్తకమును సభ్యుల ముందుంచి, అందు చెప్పిన ఎస్.ఎ.ఇ. అంకెను, ఎ.పి.ఐ. అక్షరములను, లీటర్లను, గంటల గడువును తీర్మానములో వ్రాయవలెనని మా సూచన. అవే సంగతులను ట్రాక్టరుపై రంగుతో వ్రాయింపవలెను. డ్రైవరు మారినను ఆయిలు మారదు. పుస్తకము పోయినచో అధీకృత డీలరు వద్ద మరియొక ప్రతిని కోరవచ్చును. ముద్ర చెడని డబ్బానే కొని, తయారైన తేదీ చూచి, తరగతి వ్రాసిన బిల్లు తీసికొనవలెను. ఖాళీ డబ్బాకు రంధ్రము చేసినచో నకిలీ ఆయిలు నింపువారికి అది ఉపయోగపడదు. మార్పు జరిగిన తేదీ, గంటల మీటరు అంకె, పోసిన లీటర్లు రిజిస్టరులో నమోదుచేసి, సర్పంచు గాని కార్యదర్శి గాని సంతకము చేయవలెను. ఆ రిజిస్టరును నెలకొకసారి సభ్యులు చూచినచో, గడువు దాటిన సంగతి ఇంజను చెడకముందే తెలియును.