214 కోట్లు దాటిన ఒక ప్రధాన సంఖ్య

ముప్పై ఒక్క రెండ్లను వరుసగా గుణిస్తే 214,74,83,648 వస్తుంది. అందులోంచి 1 తీసేద్దాం: 214,74,83,647. గుర్తుతో సహా 32 బిట్లలో సంఖ్యను దాచుకునే కంప్యూటరుకు ఇంతకంటే పెద్ద పూర్ణసంఖ్య పట్టదు. ఇది ప్రధాన సంఖ్య కూడా. 1, తాను తప్ప మరే సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించలేదు.

ఆ సంగతి మనకెలా తెలుసు?

ఘాతం 31 ప్రధాన సంఖ్య కాబట్టి ఫలితమూ ప్రధానమే అనిపిస్తుంది. 2, 3, 5, 7 ఘాతాలతో ఇలాగే చేస్తే 3, 7, 31, 127 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇక్కడే ఆగితే మోసపోతాం. ఘాతం 11 అయితే 2047 వస్తుంది. అది 23 × 89.

కాబట్టి భాగించి చూడాల్సిందే. వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. మన సంఖ్యకు వర్గమూలం 46,340 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడు వందలకు పైనే ఉన్నాయి. చేత్తో చేయాలంటే ఎన్ని నోటుపుస్తకాలు కావాలో!

మళ్లీ 2047ను చూద్దాం. 23 అంటే 22 + 1. 89 అంటే 88 + 1. రెండింటినీ 22తో, అంటే 11కు రెట్టింపుతో, భాగిస్తే 1 మిగులుతుంది. ఇది కాకతాళీయం కాదు. ఘాతం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా భాజకాలు ఇలాగే ఉంటాయని 17వ శతాబ్దంలో ఫెర్మా గుర్తించాడు. అంటే మన సంఖ్యకు భాజకం ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలన్నది ఇంకో నియమం. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలే ప్రధాన సంఖ్యలనే పరీక్షించాలి. వేలల్లో ఉన్నవి వందలోపుకు తగ్గిపోయాయి!

ఆయిలర్ ఈ దారినే పట్టాడు. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయన ప్రకటించాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది.

మనమూ మొదలుపెడదాం. 63, 249 ప్రధాన సంఖ్యలు కావు. 311 అవుతుంది. దానితో భాగిస్తే భాగఫలం 69,05,092, శేషం 35. కనుక 311 భాజకం కాదు. ఆ తర్వాత 497, 559, 745, 807, 993, 1055, 1241 అన్నీ సంయుక్త సంఖ్యలే, వదిలేయవచ్చు. తర్వాతి వంతు 1303ది. క్యాలిక్యులేటరు పక్కన పెట్టి చేయండి. శేషం 226 రావాలి.